పక్కవాడు ధర తగ్గిస్తే మనమూ తగ్గించాలా? నీళ్ల క్యాన్ల లెక్కతో గేమ్ థియరీ

కూజా:
గేమ్ థియరీ, అంటే ఎదుటివాళ్ల ఎత్తును బట్టి మన ఎత్తు తేల్చుకునే లెక్క. దాని గురించి తెలుగులో ఏది చదివినా, ఒకరినొకరు పట్టించి ఇద్దరూ నష్టపోయే ఇద్దరు ఖైదీల కథ దగ్గరే ఆగిపోతోంది. కొట్టు నడిపేవాళ్లకు పనికొచ్చేలా అంకెలతో చర్చిద్దామని ఈ చర్చాదారం మొదలుపెడుతున్నాను. ఉదాహరణ ఇదీ.

ఒక కాలనీ, రెండు మంచినీళ్ల ప్లాంట్లు. రోజుకు మొత్తం 1,000 క్యాన్లు పోతాయి, ఒక్కోటీ 20 లీటర్లది. ఇద్దరూ క్యాన్ 20 రూపాయలకే ఇస్తున్నారు, చెరి 500 అమ్ముతున్నారు. కరెంటు, ఫిల్టర్లు, ఆటో డీజిలు, క్యాన్లు మోసే కుర్రాడి కూలి కలిపి క్యానుకు 12 రూపాయల ఖర్చు అనుకుందాం. అద్దె, అప్పు వాయిదా ఇందులో లేవు. ఒకరు 18కి దించితే రెండోవాళ్లు ఏం చేయాలి? మొదటివాళ్లు అసలు దించాలా?

సున్నామొత్తం:
మంచి ఉదాహరణ. ముందు పట్టిక గీద్దాం. ఒకరే 18కి దించితే ఎదుటి ప్లాంటు నుంచి 300 క్యాన్లు ఇటు మళ్లుతాయని అనుకుంటున్నాను.

ఇద్దరూ 20: చెరి 500 × 8 = 4,000
మనం 18, ఎదుటివాళ్లు 20: మనకు 800 × 6 = 4,800, వాళ్లకు 200 × 8 = 1,600
మనం 20, ఎదుటివాళ్లు 18: మనకు 1,600, వాళ్లకు 4,800
ఇద్దరూ 18: చెరి 500 × 6 = 3,000

ఎదుటివాళ్లు 20లో ఉంటే మనకు 18 మేలు, ఎందుకంటే 4,800 ముందు 4,000 చిన్నది. వాళ్లు 18కి దిగితే అప్పుడూ మనకు 18 మేలే, 1,600 కన్నా 3,000 నయం. అవతలివాళ్లు ఏ ఎత్తు వేసినా మనకు ఒకటే ఎత్తు మంచిదైతే దాన్ని డామినెంట్ స్ట్రాటజీ అంటారు. వాళ్ల లెక్కా ఇదే కాబట్టి ఇద్దరూ 18 దగ్గర తేలతారు. అక్కణ్నుంచి ఏ ఒక్కరు కదిలినా వాళ్లకే నష్టం. అదే నాష్ సమతౌల్యం. ఇద్దరికీ 4,000 వచ్చే దారి కళ్లెదుట ఉండగా 3,000 దగ్గర ఇరుక్కుంటారు.

ఈ ఆట రూపాన్ని 1950లో అమెరికా పరిశోధన సంస్థ రాండ్‌లో ఫ్లడ్, డ్రెషర్ తయారు చేశారు. ఖైదీల కథ తొడిగింది ఆల్బర్ట్ టక్కర్. నాష్ ప్రిన్స్‌టన్‌లో తన సిద్ధాంత గ్రంథం సమర్పించిందీ ఆ ఏడాదే. 1994లో ఆయనకు హర్సాన్యి, సెల్టెన్‌లతో కలిపి నోబెల్ ఇచ్చారు.

పద్దుపుస్తకం:
సున్నామొత్తం గారూ, పట్టిక సరిగ్గానే ఉంది. కానీ ఆ 300 ఎక్కడిది? ఈ ఆట మొత్తం ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉంది, దాన్ని మీరు ఊహించి పెట్టారు.

20 లీటర్ల క్యాన్ల విషయంలో జనం 2 రూపాయలకు అంత తేలిగ్గా మారరు. క్యానుకు డిపాజిట్ కట్టి ఉంటారు. కుర్రాడు మూడో అంతస్తు దాకా మోసుకొచ్చి వంటింట్లో పెడతాడు, ఫోన్ చేస్తే గంటలో వస్తాడు. 300 కాకుండా 100 మాత్రమే మళ్లితే లెక్క చూడండి. మనం ఒక్కరమే దించితే 600 × 6 = 3,600, పాత 4,000 కన్నా తక్కువ. వాళ్లు దించి మనం 20లోనే ఉంటే 400 × 8 = 3,200, వాళ్లతో పాటు దిగితే వచ్చే 3,000 కన్నా ఎక్కువ. అంటే డామినెంట్ ఎత్తు తలకిందులైంది. దించకుండా ఉండటమే మేలు, ఎదుటివాళ్లు దించినా సరే.

ధర ముట్టుకునే ముందు ప్రతి వ్యాపారీ వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. తగ్గించే మొత్తాన్ని తగ్గించాక మిగిలే మార్జిన్‌తో భాగించాలి. ఇక్కడ 2 ÷ 6, అంటే 33 శాతం. అమ్మకం మూడో వంతు, అంటే 500 మీద 167 క్యాన్లు పెరిగితేనే పాత లాభం దగ్గరికి వస్తాం. ‘10 శాతం దించాను, అమ్మకం 15 శాతం పెరిగింది’ అని సంతోషపడేవాళ్లు చాలామంది నిజానికి నష్టంలో ఉంటారు. పది శాతం తగ్గింది ధరలో. మార్జిన్‌లో తగ్గింది 25 శాతం.

సున్నామొత్తం:
ఒప్పుకుంటున్నాను. మీరు చెప్పినదాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తే దీనిలోంచి మూడు వేర్వేరు ఆటలు బయటికొస్తాయి.

మళ్లే క్యాన్లు 125 లోపు అయితే దించకపోవడమే ఎప్పుడూ మేలు. 167 దాటితే దించడమే ఎప్పుడూ మేలు, అదే ఖైదీల ఆట. ఈ రెంటి మధ్య సంగతే అసలు ఆసక్తికరం. 150 అనుకోండి. ఎదుటివాళ్లు 20లో ఉండగా మనం దించితే 650 × 6 = 3,900, అంటే 4,000 కన్నా తక్కువ, కాబట్టి దించకూడదు. వాళ్లు దించేశాక మనం 20లోనే ఉంటే 350 × 8 = 2,800, అంటే 3,000 కన్నా తక్కువ, కాబట్టి దించాలి. ఇద్దరూ 20 ఒక సమతౌల్యం, ఇద్దరూ 18 మరో సమతౌల్యం. ఎటు తేలేదీ అవతలివాళ్లు ఏం చేస్తారని మనం నమ్ముతున్నామో దాని మీదే ఆధారపడుతుంది.

ఈ మధ్య రకం ఆటలో ఉండి ఖైదీల ఆటలో ఉన్నామనుకునేవాళ్లు అనవసరంగా యుద్ధం మొదలుపెడతారు. ‘వాడు ఎలాగూ దించుతాడు, మనమే ముందు దించుదాం’ అన్న మాట వినిపించిన చోట ముందు ఆ మళ్లే అంకె ఎంతో అడగాలి.

గోదారిగట్టు:
సరేనండీ, ఆ అంకె తెలిసేదెలా? కొనేవాళ్లను అడిగితే అందరూ ‘తక్కువకిస్తే వస్తాం’ అనే అంటారు.

పద్దుపుస్తకం:
అడగొద్దు, కొలవండి. కాలనీ అంతా ఒకేసారి దించకుండా ఒక్క లైను ఎంచుకోవాలి. ఆటో ఒక ట్రిప్పులో తిరిగే వీధులన్నమాట. అలాంటిదే రెండో లైనును పాత ధరలోనే ఉంచాలి, పోల్చుకోవడానికి. రెండు వారాలు సరిపోతాయి. రోజూ రాయాల్సినవి మూడు: ఇళ్లకు వేసిన క్యాన్లు, వెనక్కొచ్చిన ఖాళీలు, కొత్తగా డిపాజిట్ కట్టిన ఇళ్లు. మూడోదే మళ్లినవాళ్ల లెక్క. మొదటిదొక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే ధర తగ్గిందని పాతవాళ్లే రెండేసి క్యాన్లు నింపి పెట్టుకుంటారు, మరుసటి వారం అడగరు.

ఇళ్లను, హోటళ్లను కలపకూడదు. ఇంటికి రోజుకో క్యాన్ పోతే టిఫిన్ సెంటరుకు పదీ పదిహేనూ పోతాయి, అక్కడ 2 రూపాయల తేడాకే మారిపోతారు. ఒకే ప్లాంటు ఇళ్లతో ఒక ఆట, హోటళ్లతో ఇంకో ఆట ఆడుతూ ఉంటుంది. రెంటికీ కలిపి సగటు తీస్తే ఆ సగటు ఏ ఆటకూ వర్తించదు.

ఏప్రిల్, మే నెలల్లో ఈ పరీక్ష పెడితే ఎండ వల్ల పెరిగిన అమ్మకాన్ని ధర వల్ల అనుకుంటాం. అందుకే పోల్చే లైను తప్పనిసరి.

ప్లాంటు సామర్థ్యం కూడా చూడాలి. 800 క్యాన్లంటే 16,000 లీటర్లు. గంటకు 1,000 లీటర్ల ఆర్‌వో అయితే 16 గంటలు ఆడాలి. కరెంటు కోత, మెంబ్రేన్ కడగడం పోను 12 గంటలే ఆడితే 600 క్యాన్లకు మించి నింపలేరు. క్యాన్ల నిల్వ సంగతి కూడా ఉంది. ఇంట్లో ఒకటుంటే ప్లాంటులో ఇంకొకటి ఉండాలి కాబట్టి రోజువారీ అమ్మకానికి కనీసం రెట్టింపు క్యాన్లు కావాలి. కొత్తగా 300 క్యాన్ల అమ్మకం పట్టుకోవాలంటే 600 క్యాన్లు కొనాలి. ఎదుటివాళ్ల దగ్గర ఆ స్తోమత లేకపోతే 18 అని బోర్డు పెట్టినా మన కొనుగోలుదారులను పెద్దగా లాక్కోలేరు.

సున్నామొత్తం:
దీనికి సిద్ధాంతంలో పాత చరిత్రే ఉంది. ఇద్దరు అమ్మకందారులు పరిమాణంతో, అంటే ఎంత సరుకు అమ్మాలన్న నిర్ణయంతో పోటీ పడితే ధర ఖర్చుకు పైనే నిలుస్తుందని 1838లో కూర్నో చూపాడు. ధరతో పోటీ పడితే ఇద్దరున్నా చాలు, ధర ఖర్చు దాకా పడిపోతుందని 1883లో బెర్ట్రాండ్ వాదించాడు. సామర్థ్యానికి హద్దు ఉంటే బెర్ట్రాండ్ మాట నిలవదని తర్వాత ఎడ్జ్‌వర్త్ చెప్పాడు. మొదట సామర్థ్యం, తర్వాత ధర నిర్ణయించుకునే ఆటలో ఫలితం కూర్నో చెప్పిన చోటికే వస్తుందని 1983లో క్రెప్స్, షైన్‌క్మన్ నిరూపించారు, కొన్ని షరతులతో. కాబట్టి పక్కవాళ్లు వేలాడదీసిన ధర బోర్డు కన్నా వాళ్లు ఎంత పెద్ద ట్యాంకు కడుతున్నారన్నది ముందు చూడాలి.

కూజా:
మరి మళ్లేది నిజంగానే 300 అయితే? ప్రతి ఊళ్లో ధర పాతాళానికి పడిపోవాలి కదా. చాలాచోట్ల ఏళ్ల తరబడి ఒకే ధర నడుస్తోంది.

ఎత్తుపైఎత్తు:
రోజూ ఆడే ఆట కాబట్టి. ఒక్కసారితో అయిపోయే ఆటలో 800 రూపాయల అదనపు లాభానికి ఆశపడటం లెక్కే. కానీ రేపు ఎదుటివాళ్లూ 18కి దిగితే మనం రోజుకు 1,000 పోగొట్టుకుంటాం. ఆట రేపూ కొనసాగే అవకాశం ఎంత ఉంటే ఓపిక లాభిస్తుందో లెక్క కట్టొచ్చు. పైన (4,800 − 4,000), కింద (4,800 − 3,000). అంటే 800 ÷ 1,800 = 0.44. కొనసాగే అవకాశం 44 శాతం దాటితే చాలు, దించకుండా ఉండటం నిలబడుతుంది. పక్క పక్క కొట్లకు అది ఎప్పుడూ దాటే ఉంటుంది.

మరి చెడేది ఎక్కడ? మొదటిది, తెలిసే వ్యవధి. పై లెక్కలో దించిన మర్నాడే ఎదుటివాళ్లకు తెలుస్తుందనుకున్నాం. బోర్డు మీద 20 ఉంచి హోటళ్లకు మాత్రం చాటుగా 17కి ఇస్తే నెల దాకా బయటపడదు. పై అంకెలతోనే, తెలిసేసరికి 30 రోజులు పడితే, ఆట కొనసాగే అవకాశం రోజుకు 97.3 శాతం పైన ఉంటే తప్ప ఓపిక లాభించదు. అద్దె గడువు వచ్చే నెలతో తీరిపోయేవాళ్లు, ప్లాంటు అమ్మకానికి పెట్టినవాళ్లు ఆ హద్దు కిందికి వస్తారు. అలాంటివాళ్లు దించితే అందులో ఆశ్చర్యం లేదు, వాళ్లకు మిగిలిన ఆట అంతే.

రెండోది, అపోహ. వానలు పడి అమ్మకం 500 నుంచి 420కి పడింది. ఎదుటివాళ్లు చాటుగా దించారనుకుని మనం దించేస్తాం. వాళ్లు దాన్ని చూసి దించుతారు. ఎవరూ తప్పు చేయకుండానే యుద్ధం వచ్చింది. అమ్మకం పడిపోవడం మాత్రమే కనబడి కారణం కనబడని మార్కెట్లలో ధరల యుద్ధాలు ఇలాగే వచ్చి పోతాయని ఆర్థికవేత్తలు గ్రీన్, పోర్టర్ 1984లో రాశారు.

అందుకే జవాబిచ్చే ముందు మన అమ్మకంతో పాటు ఇంకేదైనా గుర్తు చూడాలి: పోయిన ఇళ్లు డిపాజిట్ వెనక్కి అడిగాయా? అడగకుండానే అమ్మకం తగ్గితే అది వాతావరణం, లేదా ఊళ్లకు వెళ్లిన జనం. డిపాజిట్ తీసుకుని పోతున్నారంటే నిజంగానే మళ్లుతున్నారు.

ఖైదీల ఆటను పదే పదే ఆడే ప్రోగ్రాములకు ఆక్సెల్రాడ్ అనే పరిశోధకుడు కంప్యూటర్ పోటీలు పెట్టినప్పుడు మొదటిసారి 14 ప్రోగ్రాములు, రెండోసారి 62 వచ్చాయి. రెండుసార్లూ గెలిచింది రాపపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రాము. మొదట సహకరించు, తర్వాత అవతలివాళ్లు పోయినసారి చేసిందే నువ్వూ చెయ్యి, అంతే దాని సూత్రం. కానీ అపోహలున్న చోట అదే సూత్రం ఇద్దరినీ దెబ్బకు దెబ్బ చక్రంలో పడేస్తుంది. ఒక్క అనుమానానికి కదలకుండా రెండోసారి కూడా కనిపిస్తేనే జవాబివ్వడం, వాళ్లు పాత ధరకు తిరిగొస్తే వెంటనే మనమూ రావడం మేలు.

గోదారిగట్టు:
ఇంత తంటా ఎందుకండీ? ఇద్దరూ కూర్చుని 20 కన్నా తగ్గించకూడదని ఒప్పందం చేసుకుంటే సరిపోదా?

చట్టంచూపు:
సరిపోదు. ఆ పని చేయొద్దు. పోటీదారులు ధర నిర్ణయించుకోవడం, ఊరిని వాటాలు వేసుకోవడం, టెండర్లలో రింగ్ కట్టడం అన్నీ 2002 నాటి కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3(3) కిందికి వస్తాయి. ఒప్పందం కాగితం మీద ఉండక్కర్లేదు. రాతలో లేని అవగాహన కూడా ఒప్పందమేనని సెక్షన్ 2(బి) నిర్వచనంలోనే ఉంది. నోటిమాట, తలూపడం కూడా అందులోకే వస్తాయి. ఇలాంటి కుమ్మక్కును కార్టెల్ అంటారు. దానికి జరిమానా, అది నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్ల దాకా లేదా టర్నోవరులో 10 శాతం దాకా, ఏది ఎక్కువైతే అది. అసోసియేషన్ సమావేశంలో మాట్లాడుకున్నాం కాబట్టి ఫర్వాలేదనుకోవడం పొరపాటు. అసోసియేషన్ మీదా చర్య ఉంటుంది.

చట్టం కూడా ఇక్కడ గేమ్ థియరీనే వాడుతోంది, అందుకే ఈ దారానికి సరిగ్గా సరిపోతుంది. సెక్షన్ 46 కింద కార్టెల్ గుట్టు ముందుగా విప్పినవాళ్లకు 100 శాతం దాకా జరిమానా తగ్గుతుంది. రెండోవాళ్లకు 50 శాతం దాకా, మూడోవాళ్లకు 30 శాతం దాకా. రింగ్ లోపల ఉన్నవాళ్లకు ఇది కొత్త ఖైదీల ఆట: ‘వాళ్లు నాకన్నా ముందు వెళ్తే?’ అన్న భయం ప్రతి ఒక్కరిలో పుట్టించడమే దీని పని.

పనిచేసిందనడానికి టార్చి బ్యాటరీల కేసు చూడండి. పానాసోనిక్ 2016లో ముందుకొచ్చి చెప్పింది. 2018 ఏప్రిల్ తీర్పులో దానికి 100 శాతం మినహాయింపు దొరికింది. ఎవరెడీకి 30 శాతం, నిప్పో పేరుతో అమ్మే ఇండో నేషనల్‌కు 20 శాతం తగ్గింది. అలా తగ్గాక కూడా ఎవరెడీ మీద పడింది 171.55 కోట్లు. బీరు కేసులో 2021లోనూ ఇదే వరస. ముందు చెప్పిన కంపెనీకి మొత్తం మాఫీ, తర్వాతి రెంటికీ 40, 20 శాతం తగ్గింపు.

ఎత్తుపైఎత్తు:
మాట్లాడుకోకుండానే ధరలు కలిసి కదలడం వేరే సంగతి. 2024 జూన్ 27న జియో రేట్ల పెంపు ప్రకటించింది, మర్నాడు ఎయిర్‌టెల్, ఆ వెంటనే వొడాఫోన్ ఐడియా. జులై 3, 4 తేదీల నుంచి అమలు. 2019 డిసెంబరులో, 2021 చివర్లో కూడా ముగ్గురూ కొద్ది రోజుల తేడాతోనే పెంచారు. ఇలాంటి చోట రేట్లు అందరికీ కనబడతాయి, ఎవరు దించినా గంటల్లో తెలిసిపోతుంది, ఆడేవాళ్లు కొద్దిమందే. పై లెక్కలో తెలిసే వ్యవధి దాదాపు సున్నా అన్నమాట. ముందు పెంచినవాళ్లు రిస్కు తీసుకుంటారు, మిగతావాళ్లు రాకపోతే వెనక్కి తగ్గాలి.

చట్టంచూపు:
అవును, ఒకరి ధర చూసి ఇంకొకరు తమంతట తాము కదిలితే అదొక్కటే కార్టెల్‌కు రుజువు కాదు. దానికి తోడు సంప్రదింపుల ఆనవాళ్లు దొరికితే కథ మారుతుంది. వాట్సాప్ సందేశం, ఈమెయిల్, ఫోన్ కాల్స్ చిట్టా, ఏదైనా సరే.

పద్దుపుస్తకం:
కూజా గారూ, మాట్లాడుకోకుండా చేయగలిగింది ఆటను మార్చడం. ఇందాకటి హద్దులు గుర్తున్నాయి కదా, 125, 167. మళ్లే క్యాన్లను 300 నుంచి 125 లోపుకు దించే ప్రతి పనీ ధర తగ్గించడం కన్నా చవక.

కూపన్ పుస్తకం ఒక దారి. 30 క్యాన్లకు 570 ముందుగా తీసుకుంటే క్యానుకు 19 పడుతుంది. మన మార్జిన్ ఒక్క రూపాయే తగ్గింది, ఆ ఇల్లు నెల దాకా మళ్లదు. డబ్బు కూడా ముందే చేతికొస్తుంది. కానీ అందరి పుస్తకాలూ ఒకటో తారీఖునే అయిపోయేలా అమ్మితే ఆ రోజు ఎదుటివాళ్లకు తలుపు తీసినట్టే. నెలలో నాలుగు వారాలకూ విడగొట్టి అమ్మాలి.

ఇంకో దారి, ‘ఎవరు తక్కువకిచ్చినా మేమూ అంతకే ఇస్తాం’ అని బహిరంగంగా రాసి పెట్టడం. చూడటానికి కొనేవాళ్లకు మేలులా ఉంటుంది. ఎదుటివాళ్ల వైపు నుంచి లెక్క చూడండి. వాళ్లు 18కి దించితే మన ఇళ్లకూ 18కే దొరుకుతుంది కాబట్టి ఎవరూ మళ్లరు. వాళ్లకు 500 × 6 = 3,000. దించకపోతే 4,000. దించడానికి కారణమే పోయింది. ఇది చెడిపోయేది రెండు చోట్ల. రాసినట్టు నిజంగా ఇవ్వకపోతే వారంలో పరువు పోతుంది. ఎదుటివాళ్ల ఖర్చు మన 12 కన్నా బాగా తక్కువై, అంటే సొంత బోరు, సొంత ఆటోతో 9కే పడుతుంటే, వాళ్లతో సమానంగా దిగే మాట మన మెడకే చుట్టుకుంటుంది. ఎదుటివాళ్ల ఖర్చు అంచనా వేయకుండా ఈ బోర్డు పెట్టకూడదు.

ఎల్‌వన్:
ఇదంతా కనబడే ధరల ఆట. టెండర్లలో ఎదుటివాళ్ల అంకె కనబడదు, ఒక్కసారే వేయాలి. అక్కడి లెక్క కూడా చెప్పుకుందాం.

ఒక పనికి పోటీదారుల ఖర్చులు 80 నుంచి 100 లక్షల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, ఏ అంకెకైనా అవకాశం సమానమే, ఎవరి ఖర్చు వాళ్లకే తెలుసు అనుకుందాం. మన ఖర్చు 88 లక్షలు. అప్పుడు సమతౌల్యంలో కోట్ చేయాల్సింది: మన ఖర్చు + (100 − మన ఖర్చు) ÷ పోటీలో ఉన్నవాళ్ల సంఖ్య, మనతో కలిపి. ఇద్దరైతే 94. ముగ్గురైతే 92. నలుగురైతే 91. ఆరుగురైతే 90. పోటీ పెరిగే కొద్దీ లాభం సన్నబడాలి. ఇద్దరే ఉన్నప్పుడు 90 వేసినవాళ్లు 4 లక్షలు వదులుకున్నట్టు, ఆరుగురున్నప్పుడు 94 వేసినవాళ్లు పనినే వదులుకున్నట్టు.

సున్నామొత్తం:
ఎల్‌వన్ గారూ, సూత్రం సరైనదే. కానీ అది ఎవరి ఖర్చు వాళ్లకు కచ్చితంగా తెలిసినప్పటి మాట. మట్టిపని, రోడ్డు, కాలువ టెండర్లలో పెద్ద ప్రమాదం వేరే ఉంది, అది సరిగ్గా ఎదురువైపు లాగుతుంది.

కాలువ తవ్వకంలో గట్టి రాయి ఎంత తగులుతుందన్నది ఎవరు తవ్వినా ఒకటే. అందరూ దాన్ని అంచనా వేస్తారు, కొందరు తక్కువ, కొందరు ఎక్కువ. టెండరు పడేది ఎవరికి? అందరికన్నా తక్కువ అంచనా వేసినవాళ్లకు. అసలు ఖర్చు 100, ప్రతి ఒక్కరి అంచనాలో 10 శాతం దాకా అటూ ఇటూ తప్పు సమాన అవకాశంతో ఉండొచ్చు అనుకుంటే, ఇద్దరి పోటీలో అతి తక్కువ అంచనా సగటున 96.7. నలుగురిలో 94. తొమ్మిది మందిలో 92. అంటే నలుగురి పోటీలో గెలిచామంటే, మన అంచనా సగటున 6 తక్కువైంది కాబట్టే గెలిచాం. ముందే దాన్ని 100 ÷ 94తో, అంటే 6.4 శాతం పెంచి, దాని మీద లాభం వేసుకోవాలి. తొమ్మిది మందైతే 8.7 శాతం. పోటీ పెరిగే కొద్దీ ఈ సవరణ పెరగాలి, తగ్గకూడదు.

దీన్నే విన్నర్స్ కర్స్ అంటారు. మెక్సికో అఖాతంలో చమురు లీజులు గెలిచిన కంపెనీలకు రాబడి ఎందుకు తక్కువ వస్తోందో వెతుకుతూ అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ ఇంజినీర్లు ముగ్గురు, కాపెన్, క్లాప్, క్యాంప్‌బెల్, 1971లో దీన్ని బయటపెట్టారు.

ఎల్‌వన్:
నిజమే, నేను సగమే చెప్పాను. అయితే ఆచరణలో రెండూ కలిసే వస్తాయి కాబట్టి ఎస్టిమేట్‌ను రెండు ముక్కలు చేయాలి. రాయి శాతం, తారు (బిటుమెన్) ధర, మట్టి తేవాల్సిన దూరం లాంటివి అందరికీ ఒకటే. వాటి మీద పోటీదారుల సంఖ్యను బట్టి పైకి సవరణ. మన యంత్రాలు ఖాళీగా ఉన్నాయా, పక్క మండలంలోనే మన క్యాంపు ఉందా, వడ్డీ ఎంత పడుతోంది, ఇవి మనకు మాత్రమే సంబంధించినవి. వీటి మీద పై సూత్రం. అందరూ రెంటినీ కలిపి ఒకే లెస్ (టెండరు అంచనా విలువ కన్నా తగ్గించే) శాతం వేస్తారు, అక్కడే చెడుతుంది.

ఎక్కువమంది ఉన్నారని భయపడి లెస్ పెంచుకుంటూ పోయినవాళ్లకు ఇంకో దెబ్బ కూడా ఉంది. ఇన్ని శాతం దాటి లెస్ వేస్తే తేడా మొత్తానికి అదనపు బ్యాంకు గ్యారంటీ కట్టాలని టెండరు నోటీసులో రాస్తారు. ఆ గ్యారంటీ కమిషను, గ్యారంటీ కోసం బ్యాంకులో కట్టి ఇరుక్కున్న మార్జిన్ డబ్బు మీద వడ్డీ ఎస్టిమేట్‌లో చాలామంది కలపరు.

కూజా:
రివర్స్ ఆక్షన్‌లో కూడా ఇదే లెక్కేనా?

ఎల్‌వన్:
కాదు, అక్కడ ఆట సులువు. ధర కిందికి దిగుతూ కనబడుతుంది. మన నిజమైన ఖర్చు దాకా నిలబడి, అక్కడ ఆగిపోవాలి. ఎదుటివాళ్లు ఎంతమందన్న లెక్క అక్కర్లేదు. కష్టమల్లా తెర ముందు కూర్చున్నాక ఆ ఆగే అంకెకు కట్టుబడటమే. అందుకే ముందే కాగితం మీద రాసి, దాన్ని మార్చే అధికారం బిడ్ వేసే మనిషికి ఇవ్వకూడదు.

నిబంధనలు రాసేవాళ్ల వైపు చిక్కు ఇంకోటి. తర్వాత ఎలాగూ దించుకోవచ్చని తెలిస్తే మొదటి బిడ్‌లో అందరూ ఉబ్బించి వేస్తారు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో బిడ్ తర్వాత రివర్స్ ఆక్షన్‌కు వెళ్లే పద్ధతిలో, అందరికన్నా ఎక్కువ వేసినవాళ్లను పక్కన పెట్టే నియమం అందుకే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్ పెట్టారు, 2024లో తీసేశారు. రాజకీయ వాదన పక్కన పెట్టి చూస్తే, ఇలాంటి ఏ పద్ధతిలోనైనా మొదటి బిడ్‌ను నిజాయితీగా వేయించేదేమిటి అన్నదే అడగాల్సిన ప్రశ్న.

సున్నామొత్తం:
బహిరంగ వేలానికి ఇంకో గుణం ఉంది. ఇతరుల అంచనా ఎంతో మధ్యలోనే తెలుస్తుంది కాబట్టి విన్నర్స్ కర్స్ కొంత తగ్గుతుంది. మన 3జీ స్పెక్ట్రమ్ వేలం 2010లో 34 రోజులు, 183 రౌండ్లు సాగి ప్రభుత్వానికి 67,719 కోట్లు తెచ్చింది. అన్ని సర్కిళ్లూ ఒకేసారి పైకి వెళ్లే ఆ పద్ధతికి పునాది వేసినవాళ్లలో ఆర్థికవేత్తలు మిల్‌గ్రోమ్, విల్సన్‌లు ముఖ్యులు. వాళ్లిద్దరికీ 2020లో నోబెల్ వచ్చింది. అంతమాత్రాన అందులో ఎవరూ ఎక్కువ పెట్టలేదని కాదు. పక్కవాళ్లూ పొరబడుతూ పాడుతుంటే వాళ్లను చూసి మన ధైర్యం పెరిగే ప్రమాదం అక్కడా ఉంటుంది.

కూజా:
చివరిగా ఒకటి. రెండు ప్లాంట్లూ 20లో కుదురుగా ఉన్నాయి. మూడోవాళ్లు వస్తారన్న మాట వినిపించింది. ‘వస్తే 14కి దించేస్తాం’ అని భయపెడితే ఆగుతారా?

ఎత్తుపైఎత్తు:
వెనక నుంచి ముందుకు లెక్క వేయండి. మూడోవాళ్లు వచ్చేశారు అనుకుందాం, తలా 333 క్యాన్లు. 20లోనే ఉంటే మీకు 333 × 8 = 2,664. మాట నిలబెట్టుకుని అందరూ 14కి దిగితే 333 × 2 = 666. వచ్చాక దించడం మీకే నష్టం, దించరు. ఈ లెక్క వాళ్లకూ తెలుసు కాబట్టి మీ బెదిరింపు పనిచేయదు. వాళ్ల అద్దె, వాయిదా, ఆపరేటరు జీతం కలిపి రోజుకు 1,800 అయినా 864 మిగులుతుంది, కాబట్టి వస్తారు.

రాకముందే చేసి, తర్వాత వెనక్కి తీసుకోలేని పనే నమ్మకం పుట్టిస్తుంది. అపార్ట్‌మెంట్లతో, హాస్టళ్లతో 600 క్యాన్లకు ఏడాది ఒప్పందాలు ఇద్దరూ ఎవరికి వారు చేసుకున్నారనుకోండి. మిగిలింది 400. అందులో సగం పట్టుకున్నా మూడోవాళ్లకు 200 × 8 = 1,600. రోజుకు 200 నష్టం.

చట్టంచూపు:
ఆ ఒప్పందాలు ఎవరికి వారు విడిగా చేసుకున్నంత వరకు ఇబ్బంది లేదు. ‘ఆ అపార్ట్‌మెంట్లు నీవి, ఈ హాస్టళ్లు నావి’ అని ముందే పంచుకుంటే అది మళ్లీ 3(3).

పద్దుపుస్తకం:
ఏడాది ఒప్పందంలో ధరను 20 దగ్గర కట్టేస్తే కరెంటు చార్జీ పెరిగినప్పుడు మార్జిన్ అంతా అందులోనే పోతుంది. క్యానుకు 12లో కరెంటు వాటా ఎంతో విడిగా రాసి, యూనిట్ రేటు పెరిగితే ఆ మేరకు ధర మారుతుందన్న వాక్యం ఒప్పందంలో పెట్టించండి.